మన ఫోన్ల ఉన్న యాప్‌లకు తాతలు ఎవరు?



మొన్న ఛాయ్ హోటల్ కాడ మా ఊరి పిల్లగాడు ఒకడు అడిగిండు. "పెద్దనాయనా, పొద్దస్తమానం ఫోన్ల ఏందో చూస్తుంటవు గదా. నీకు బాగా నచ్చిన యాప్‌లు ఏందో చెప్పు, మా నాయన ఫోన్ల కూడ ఏసిస్త" అన్నడు. పేర్లు చెప్పుడు రెండు నిమిషాల పని. భూమి రికార్డు చూసేది ఒకటి, వాన సంగతి చెప్పేది ఒకటి, తెగులు గుర్తు పట్టేది ఒకటి, మార్కెట్ ధర చూసేది ఒకటి. నావి ఈ నాలుగే. మిగిలినయన్నీ మనవరాలు ఆటల కోసం ఏసుకున్నది.

ఇంటికొచ్చి పండుకున్నంక ఆలోచన పడ్డది. ఫోన్ రాకముందు ఈ నాలుగు పనులు లేవా? ఉండె. భూమి లెక్క పట్వారి దస్త్రంల ఉండె, వాన సంగతి కార్తెల ఉండె, తెగులు మందు రేడియోల వినపడేది, ధర ఆడ్తి దుకాణంల తెలిసేది. అంటే ప్రతి యాప్‌కు ఒక తాత ఉన్నడు. తాత ఎసొంటోడో తెలిస్తే మనవడిని ఎక్కడిదాక నమ్మాల్నో తెలుస్తది. అందుకే ఈ పొద్దు జర పొడుగ్గ రాస్తున్న. ఓపికతోని చదువుండ్రి. మీ భూమికి పనికొచ్చే ముచ్చట కూడ ఇందుల ఉన్నది.

ముందుగాల భూమి సంగతి.

మనం ఎకరానికి 40 గుంటలు అంటం. కోస్తా దిక్కు పోతే ఎకరానికి 100 సెంట్లు అంటరు. ఒకే ఎకరానికి రెండు లెక్కలు ఎందుకున్నయని ఎప్పుడన్న అనుకున్నరా? అది కొలిచిన గొలుసుల్ల ఉన్న తేడా. మద్రాసు దిక్కు ఇంగ్లీషోళ్ళు 66 అడుగుల గొలుసుతోని కొలిచిండ్రు, దానికి 100 లింకులు. నిజాం రాజ్యంల బొంబాయి పద్ధతి పట్టుకున్నరు. ఆ గొలుసు 33 అడుగులే, దానికి 16 ఆనాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న జాగ ఒక గుంట. అంటే 121 గజాలు. ఇప్పటికీ ఫోన్ల "ఎకరాలు – గుంటలు" అని కనపడ్డప్పుడల్ల ఆ గొలుసు కనపడ్డట్టే అనుకోండ్రి.

ఈ కొలత పని మొదటి సాలార్ జంగ్ పెట్టించిన సంస్కరణలతోని మొదలైంది. ఆయన 1853ల దివాన్ అయిండు. అంతకుముందు శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేటోళ్ళు. గుత్త పట్టినోడు ఎంత పిండుకుంటే అంత. సాలార్ జంగ్ 1865ల జిల్లాబందీ చేసి, రాజ్యాన్ని జిల్లాలుగ విడగొట్టి, వసూలు పనిని సర్కారు నౌకర్ల చేతికి తెచ్చిండు. ఆ తర్వాత సర్వే పని నడిచింది. సర్వే అయినంక ప్రతి ఊరికి "సేత్వార్" అని ఒక రిజిస్టర్ తయారైంది. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి తరగతి, శిస్తు, పట్టాదారు పేరు అన్నీ అందుల ఉంటయి. మన పాత మాటలు చూడుండ్రి: ఖుష్కి, తరి, ఆబీ, తాబీ, నక్షా, టిప్పన్, జమాబంది. అన్నీ ఆ కాలంల నుంచి వచ్చినయే. మన తాతలకు ఉర్దూ చదువ రాకపోయినా ఈ మాటలు నోటికి వచ్చేది. ఎందుకంటే వాళ్ళ బతుకు ఆ మాటల్లనే రాసి ఉండె.

కానీ అన్ని ఊర్లల్ల ఒకటే తీరు లేకుండె. నిజాం రాజ్యంల దివానీ ఊర్లు కొన్ని, జాగీరు ఊర్లు కొన్ని, పైగా అమీర్లవి కొన్ని, నిజాం సొంత ఖర్చుకు పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ ఊర్లు కొన్ని. హైదరాబాద్ చుట్టుపక్కల ఇసొంటియి ఎక్కువ. దివానీ ఊరి రైతుకు ఒక లెక్క, జాగీరు ఊరి రైతుకు ఇంకో లెక్క. 1948ల పోలీసు చర్య అయింది. 1949ల సర్ఫ్-ఎ-ఖాస్‌ను సర్కారుల కలిపిండ్రు, అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది.

గివన్నీ అయినంక 1954–55ల ఒక పెద్ద పని జరిగింది. దాని పేరే ఖాస్రా పహాణీ. ఏ సర్వే నంబరుల పట్టాదారు ఎవరు, కబ్జాల ఉన్నది ఎవరు, ఎంత భూమి, ఎట్లొచ్చింది అని ఊరూరికీ రాసుకున్నరు. ఈ మాట మీరు కోర్టులల్ల, రిజిస్ట్రేషన్ కాడ, వకీళ్ళ నోట ఎన్నిసార్లు విని ఉంటరో. 70 ఏండ్లు దాటినా తెలంగాణల భూమి తగాదా వస్తే "ఖాస్రాల ఎవరి పేరు ఉన్నది?" అనే ఇప్పటికీ అడుగుతరు. మన రికార్డులకు అది పునాది రాయి.

తర్వాత ఏడాదికోసారి పహాణీ రాసేది పట్వారి. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారి, ఈ ముగ్గురి చేతుల ఊరు ఉండె. కొలువులు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చేటియి. దస్త్రం పట్వారి ఇంట్లనే ఉండేది. నకలు కావాల్నంటే రైతు చెప్పులు బయట ఇడిచి, చేతులు కట్టుకొని నిలబడాలె. మంచి పట్వారీలు లేరని అంటలేను. ఊరంత భూమిని నోటికి చెప్పేటోళ్ళు, తగాదా పెద్దగ కాకుండ సర్దినోళ్ళు కూడ ఉండిండ్రు. కానీ మన భూమి లెక్క మనం చూసుకునేటందుకు ఇంకొకళ్ళ దయ కావాలె, అదీ అసలు బాధ. 1984ల ఎన్.టి. రామారావు సర్కారు పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసింది. మా ఊర్ల ఆ రోజు కొందరు పటాకులు కాల్చిండ్రు. మా నాయన మాత్రం, "మనిషి పోయిండు గానీ దస్త్రం ఏడికి పోయింది? దాన్ని ఎవరు సూస్తరు?" అన్నడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలే.

ఇగ తర్వాతి కథ మీకు ఎరుకే. 2011 నవంబరుల మీసేవ మొదలైంది, పైసలు కడితే పహాణీ నకలు కంప్యూటర్ల నుంచి వచ్చుడు షురువైంది. 2017 సెప్టెంబరు 15న భూరికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టిండ్రు. 2018 మే 10న రైతుబంధు మొదలైంది, పంటకు ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు ఇచ్చిండ్రు. 2020 సెప్టెంబరుల వీఆర్వో వ్యవస్థ రద్దయింది, అదే ఏడు అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్క కాడనే, తహసీల్ ఆఫీసుల అయ్యేటట్టు చేసిండ్రు. ధరణి రికార్డుల్లో కబ్జా కాలమ్ లేకుండ పోయింది. అది పట్టాదారుకు మేలని కొందరన్నరు, కౌలుదారుకు, సాదాబైనామా కొనుక్కున్నోళ్ళకు నష్టమని కొందరన్నరు. 2025 ఏప్రిల్ 14న దాని జాగల భూభారతి వచ్చింది. ఆధార్ లెక్క భూమికి కూడ భూధార్ నంబరు ఇస్తమని ఆ చట్టంల పెట్టిండ్రు.

నిజం చెప్పాల్నంటే భూమి రికార్డు చూసేది యాప్ కాదు, సర్కారు వెబ్‌సైట్. మనం ఫోన్ల తెరుస్తం గాబట్టి యాప్ అంటున్నం. దుకాణంల యాప్‌లు వెతికితే అసొంటి పేర్లతోని వేరేటోళ్ళు పెట్టినయి కూడ కనపడ్తయి. వాటిల మీ ఆధార్, ఫోన్ నంబరు కొట్టకుండ్రి.

ఇప్పుడు నా సొంత ముచ్చట. మాకు ఒక సర్వే నంబరుల 2 ఎకరాల 31 గుంటలు ఉన్నది. కొన్నేండ్ల కింద కొడుకు ఫోన్ల రికార్డు తెరిచి, "నాయనా, మనది 2 ఎకరాల 13 గుంటలే చూపెడ్తుంది" అన్నడు. నాకు గుండె ఆగినంత పనైంది. 31 కాస్త 13 అయింది. రెండు అంకెలు ఇటుదటు అయినందుకు 18 గుంటలు మాయం. ఎయిర్‌పోర్టు పక్కన 18 గుంటలంటే ఏందో మీకు నేను చెప్పనక్కర లేదు.

ముందు ఫోన్‌ను తిట్టిన, కంప్యూటర్ ఎక్కించినోన్ని తిట్టిన. తర్వాత నాయన సందుక తెరిస్తే అందుల మడత పెట్టిన పాత పహాణీ నకలు ఒకటి దొరికింది. మోహరు ఉన్నది, 31 అనే ఉన్నది. ఏడాదికో నకలు తీయించి వరుసగ పెట్టి చూస్తే, ఒక ఏడు దాక 31, మరుసటేడు నుంచి 13. అంటే కంప్యూటర్ రాకముందే, ఎవరో చేతితోని ఎత్తి రాసేటప్పుడు తప్పు పోయింది. ఆ తప్పు కాగితం నుంచి కాగితానికి, కాగితం నుంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి నా ఫోన్‌కు నడుచుకుంట వచ్చింది. ఇన్నేండ్లు మేము చూసుకోలే. చూసుకునేటందుకు ఫోన్ వచ్చినంకనే తెలిసింది. సరిచేయించుకునేటందుకు 11 నెలలు తిరిగిన. ఆఖరికి పని చేసింది ఫోన్ కాదు, నాయన దాచిన కాగితం.

అందుకే చెప్తున్న. ఫోన్ అబద్ధం చెప్పలే. దానికి అప్పజెప్పిన తప్పునే సక్కగ చూపెట్టింది. నాయన అడిగిన మాట, "దస్త్రాన్ని ఎవరు సూస్తరు?" అన్నది, అప్పుడు అర్థమైంది. మన దస్త్రం మనమే చూసుకోవాలె.

శంషాబాద్ చుట్టుపక్కల ఊర్లోళ్ళకు ఈ పాఠం కొత్త కాదు. 2005 మార్చి 16న ఎయిర్‌పోర్టుకు పునాది రాయి పడ్డది, 2008 మార్చి 23న విమానాలు ఎగురుడు మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు అందుల పోయినయి. భూసేకరణల రికార్డుల ఎవరి పేరుంటే వాళ్ళకే నోటీసు, వాళ్ళకే పరిహారం. దున్నేది ఒకరు, పేరు ఇంకొకరిది ఉంటే, దున్నినోడు చూసుకుంట నిలబడాలె. విమానం దిగేటప్పుడు కిటికీల నుంచి చూసేటోళ్ళకు ఆ రన్‌వే కింద సర్వే నంబర్లు ఉన్నయని తెల్వదు. మనకు తెలుసు.

ఇంకో హెచ్చరిక. ఫోన్ల మ్యాప్ పెట్టుకొని, నీలి చుక్క చూసుకుంట "హద్దు ఇదే" అని కొట్లాడేటోళ్ళను చూస్తున్న. ఫోన్ల జీపీఎస్ మంచిగ పని చేసినా ఒక 4, 5 మీటర్లు ఇటుదటు అయితది. గుంట అంటే 33 అడుగులు, అంటే 10 మీటర్లు. సగం గుంట తప్పు చూపెట్టే సాధనంతోని గట్టు జరుపుకుంటరా? హద్దు రాయి, టిప్పన్, సర్వేయర్, ఇవే లెక్క. ఫోన్ పొలానికి దారి చూపెడ్తది, హద్దు చూపెట్టది.

ఇగ వాన సంగతి. ఇక్కడ మన శంషాబాద్ పేరు ఒక పెద్ద పుస్తకంల ఉన్నది, చాలామందికి తెల్వదు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి హైదరాబాద్ మునిగిపోయింది. వేల మంది సచ్చిపోయిండ్రు. తర్వాత ఏడాది నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందుగాల వాన లెక్కలు తీయించిండు. అందుల మన శంషాబాద్ వానమాపకం లెక్క ఉన్నది: 24 గంటలల్ల 12.8 అంగుళాలు, 48 గంటలల్ల 18.9 అంగుళాలు. ఇప్పటి లెక్కల 24 గంటలకు 325 మిల్లీమీటర్లు. ఇంకో సంగతి కూడ ఆయన బయటపెట్టిండు. హైదరాబాద్‌కు ఎగువన మూసీ పరీవాహకంల 788 చెరువులు ఉంటే, అందుల 221 తెగినయి. ఒక చెరువు తెగి కిందిదాన్ని తెంపె, అది ఇంకో దాన్ని తెంపె. మన దిక్కు పడ్డ వానే కిందికి పోయి పట్నాన్ని ముంచింది.

ఆ లెక్కల మీదనే రెండు రిజర్వాయర్లు కట్టాలన్నడు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920ల, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927ల పూర్తయినయి. మనం రోజూ చూసే హిమాయత్ సాగర్ వెనకాల శంషాబాద్ వాన లెక్క కూడ ఉన్నదన్నమాట. 1996ల వచ్చిన 111 జీవో కూడ ఆ రెండు చెరువుల కోసమే వచ్చింది.

వానను కొలుచుడు అప్పుడే ఉండె, చూడుండ్రి. లేనిది ఏందంటే, కొలిచిన లెక్క పల్లెటోని చేతికి సమయానికి వచ్చుడు. మన తాతలకు కార్తెలే దిక్కు. మృగశిర వస్తే ఇత్తనం, ఆరుద్ర ఎట్ల కురుస్తదో దాన్నిబట్టి పంట. కార్తె తప్పని నేను అనను. వందల ఏండ్ల అనుభవం అందుల ఉన్నది. కానీ కార్తె "ఈ నెలల వాన పడ్తది" అంటది, "ఎల్లుండి మధ్యాహ్నం పడ్తది" అనదు.

ఇప్పుడు నేను చూసేది మేఘదూత్. 2019ల వచ్చింది. వాతావరణ శాఖ, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి పెట్టినయి. రాబోయే 5 దినాల వాన, ఎండ, గాలి చెప్తది. మంగళవారం, శుక్రవారం జిల్లా రైతులకు సలహా వస్తది. ఇత్తనం పెట్టేటప్పుడు, మందు కొట్టేటప్పుడు నేను ఇది చూడకుండ కదల. మందు కొట్టిన గంటకే వాన పడితే వెయ్యి రూపాయలు మట్టిల కలిసినట్టే గదా. దామిని అని ఇంకోటి ఉన్నది, పుణెల ఉన్న సంస్థ చేసింది. మీ చుట్టుపక్కల పిడుగు పడే సూచన ఉంటే ముందే చెప్తది. ఆరుబయట పని చేసేటోళ్ళం మనం, మేకలు కాసే పిల్లలు చెట్ల కింద నిలబడ్తరు. మిగిలిన యాప్‌లు ఉన్నా లేకున్నా, ఇది మాత్రం ఇంటికొక్కరి ఫోన్లనన్న పెట్టుకోండ్రి.

తెగులు సంగతికొస్తే, దీనికి తాత రేడియో. మా చిన్నతనంల సాయంత్రం ఆకాశవాణిల వ్యవసాయ కార్యక్రమం వస్తుంటే మా నాయన ఎవరినీ మాట్లాడనిచ్చేటోడు కాదు. 1969ల అన్నదాత పత్రిక వచ్చింది. ఊర్ల ఒకళ్ళు తెప్పిస్తే పదిమంది చదివేటోళ్ళు. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని వాడుకొని, 6 రాష్ట్రాలల్ల 2,400 ఊర్లకు టీవీల వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి చూపెట్టిండ్రు. అందుల అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. కరెంటే సరిగ లేని ఊర్లకు ఆకాశంల నుంచి బొమ్మ వచ్చుడంటే చిన్న ముచ్చట కాదు. 2004 జనవరిల కిసాన్ కాల్ సెంటర్ వచ్చింది. మన భాషల అడిగితే మన భాషల చెప్తరు. ఇప్పటికీ పని చేస్తది, దానికి పెద్ద ఫోన్ కూడ అక్కర లేదు.

ఇప్పుడు ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ వచ్చింది. జర్మనీల పుట్టింది, కానీ 2017ల తెలుగుల వచ్చినప్పుడు పటాన్‌చెరు కాడి ఇక్రిశాట్ దాంతోని కలిసి పని చేసింది. ఇక్రిశాట్ 1972 నుంచి అక్కడ ఉన్నది. 2016ల ఆ సంస్థ కర్నూలు జిల్లా దేవనకొండ మండలంల 175 మంది రైతులకు, ఇత్తనం ఎప్పుడు పెట్టాల్నో మామూలు ఫోన్‌కే తెలుగు మెసేజ్ పంపి చూసింది. అంటే యాప్ గొప్పతనం ఫోన్ సైజుల లేదు, సరైన మాట సరైన దినం అందుడుల ఉన్నది.

ఫోటో యాప్‌ను నేను సగమే నమ్ముత. టమాట ఆకు మీద మచ్చ చూసి ఒకసారి ఒక పేరు చెప్తది, ఎండ పడ్డ ఫోటో పెడితే ఇంకో పేరు చెప్తది. రెండుసార్లు ఒకటే చెప్తే నమ్ముత. లేకపోతే ఆకు కవర్ల ఏసుకొని రాజేంద్రనగర్ యూనివర్సిటీకి పోత. మనకు అది పక్కనే ఉన్నది. 1964 నుంచి ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం అది. పక్కన ఉన్న పెద్ద డాక్టర్‌ను ఇడిచిపెట్టి ఫోన్‌నే నమ్ముకుంటే తప్పు మనదే.

ఇంకో ముచ్చట మరిచిపోతుంటి. ఉపగ్రహం తీసిన మన పొలాల బొమ్మలు ఏడికి దిగుతయో ఎరుకనా? మన బెంగుళూరు రోడ్డు మీదనే, షాద్‌నగర్ కాడ. 1979 నుంచి అక్కడ ఉపగ్రహాల సంకేతాలు పట్టే కేంద్రం ఉన్నది. ఆ సంస్థే 2009ల భువన్ అనే మ్యాప్ తెచ్చింది. మీ చెరువు, మీ చెలక అందుల కనపడ్తయి.

ధర సంగతి జల్ది చెప్త. హైదరాబాద్ రాజ్యంల 1930లనే వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది, తూకంల, కమీషన్ల మోసం ఆపాలని. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనయి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది, మొదలు 21 మార్కెట్లతోని. ఇప్పుడు బండి కట్టకముందే ఫోన్ల ధర చూడొచ్చు. కానీ టమాట పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర. ఫోన్ల ఉన్నది నిన్నటిదో మొన్నటిదో అయి ఉంటది. అందుకే నేను ఫోన్ల చూసినంక కూడ మార్కెట్ల ఉన్న తెలిసినోనికి ఒక ఫోన్ కొడ్త. ఆ రెండూ కలిస్తేనే బండి కదుల్తది.

ఇదీ నా నాలుగు యాప్‌ల కథ. పిల్లగానికి ఏం చెప్పిన్నో మీకూ అదే చెప్తున్న. వాన చెప్పేదాన్ని రోజూ చూడుండ్రి. తెగులు చెప్పేదాన్ని సగం నమ్ముండ్రి. ధర చెప్పేదాన్ని అడిగి నమ్ముండ్రి. భూమి రికార్డును మాత్రం ఏడాదికి రెండుసార్లు, వానకాలం ముందు ఒకసారి, యాసంగి ముందు ఒకసారి, తెరిచి అంకె అంకె చదువుండ్రి. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. చదువు రాకపోతే ఇంట్ల పిల్లలతోని చదివించుకోండ్రి. ఒక నకలు తీయించి, పాత పహాణీల పక్కన పెట్టుకోండ్రి.

వెనకట దస్త్రం పట్వారి ఇంట్ల ఉండె, మనం గడప బయట నిలబడితిమి. ఇప్పుడు అది మన జేబుల ఉన్నది. జేబుల పెట్టుకొని కూడ తెరిచి చూడకపోతే, ఇంకా ఆ గడప బయట నిలబడ్డట్టే. ఈ రాత్రి బువ్వ తిన్నంక ఒక్కసారి మీ నాయన సందుక తెరువుండ్రి. అందుల ఉన్న కాగితం మీద అంకె, ఫోన్ల ఉన్న అంకె ఒకటేనా అని చూడుండ్రి. ఒకటే అయితే నిమ్మళంగ పండుకోండ్రి. కాకపోతే తెల్లారంగనే కదులుండ్రి, ఇంకో ఏడాది ఆగకుండ్రి.

ఉంట మరి.